చీకటి కోసం ఎంత దూరం వెళ్లాలి?

ప్రశ్న: సార్‌కు నమస్కారం. మేం హనుమకొండలో ఒక అపార్ట్‌మెంటు ఐదో అంతస్తులో ఉంటాం. మా పాప ఎనిమిదో తరగతి. సైన్సు పుస్తకంలో పాలపుంత ఫొటో చూసినప్పటి నుంచి "అమ్మా, ఇది మన ఆకాశంలో ఎందుకు లేదు?" అని అడుగుతోంది. మిద్దె మీదికి తీసుకెళ్లి ఇద్దరం కలిసి లెక్కపెట్టినా ముప్పై చుక్కలు దాటలేదు. పోయిన హోలీ సెలవుకు పనిగట్టుకుని లక్నవరం వెళ్లి రాత్రి అక్కడే ఉన్నాం. అక్కడా అంతే. పాప చాలా నిరాశపడింది. నా చిన్నప్పుడు కొత్తగూడ మండలంలోని మా తల్లిగారి ఊళ్లో వాకిట్లో మంచాలు వేసుకుని పడుకుంటే ఆకాశం ఈ చివరి నుంచి ఆ చివరికి తెల్లగా ఒక చార కనిపించేది. నానమ్మ దాన్ని పాలవెల్లి అనేది. ఇప్పుడు ఆ ఊరికీ ఎల్‌ఈడీ వీధి దీపాలు వచ్చాయి, అక్కడా కనిపించదేమో. వరంగల్‌కు దగ్గర్లో నిజంగా చీకటిగా ఉండే చోటు ఎక్కడుంది? ఎంత దూరమైనా వెళ్తాం. మావారు టెలిస్కోపు కొందామంటున్నారు. ఏది కొంటే మంచిది?
— ఒక తల్లి, హనుమకొండ

జవాబు:

అమ్మా,

ముందు లక్నవరం సంగతి చెబుతాను. పాప మనసులో ఆ రాత్రి అలాగే ఉండిపోకూడదు. మీరు వెళ్లింది హోలీకి. హోలీ అంటే ఫాల్గుణ పౌర్ణమి. పున్నమి చంద్రుడు పొద్దు గుంకే వేళకు తూర్పున లేచి తెల్లవారే దాకా ఆకాశంలోనే ఉంటాడు. ఆ వెన్నెలలో హిమాలయం ఎక్కి నిలబడినా పాలవెల్లి కనిపించదు. దానికి తోడు వేలాడే వంతెనల దీపాలు, కాటేజీల ముందు దీపాలు. ఆ రాత్రి మీకు ఏమీ కనిపించకపోవడంలో వింత లేదు. మన సెలవులూ జాతరలూ చాలావరకు పున్నమి చుట్టూనే ఉంటాయి: రాఖీ, కార్తీక పౌర్ణమి, హోలీ, రెండేళ్లకోసారి మాఘ పున్నమి వేళ వచ్చే మేడారం జాతర. సెలవు దొరికింది కదా అని బయలుదేరితే వెన్నెల ఎదురవుతుంది.

అందుకే, ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్నకు ముందు ఎప్పుడు వెళ్లాలో తేల్చుకోవాలి. దానికి మీ వంటింటి గోడ మీది క్యాలెండరు చాలు. అమావాస్య దాటాక చంద్రుడు రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా అస్తమిస్తాడు. శుద్ధ పంచమి నాడు రాత్రి పది ప్రాంతంలో దిగిపోతాడు, అష్టమి నాడు అర్ధరాత్రి అవుతుంది. పున్నమి దాటాక ఉదయించడం ఆలస్యమవుతూ వస్తుంది. బహుళ అష్టమి నాటికి అర్ధరాత్రి గాని పైకి రాడు. కాబట్టి రాత్రి తొలి జాములో చూడాలంటే బహుళ అష్టమి నుంచి శుద్ధ తదియ దాకా మంచి రోజులు. తెల్లవారుజామున లేచే ఓపిక ఉంటే శుద్ధ పక్షం మొదటి పది రోజులూ పనికొస్తాయి. మన పూర్వులు తిథిని నెల పొడుగునా వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారంటే, చంద్రుడు ఏ వేళకు ఎక్కడ ఉంటాడో వారికి రోజూ అవసరం కాబట్టే. మనకు ఆ అవసరం ఇలాంటి రాత్రుల్లో మళ్లీ తెలుస్తుంది. ఇంకొక్క మాట: పొద్దు గుంకగానే చీకటి పడిపోదు. మన ప్రాంతంలో సూర్యాస్తమయం తర్వాత సుమారు గంటా పావుకు గాని ఆకాశం పూర్తిగా నల్లబడదు. ఏడింటికే పైకి చూసి "ఏమీ లేదు" అనుకుని లోపలికి వెళ్లినవారిని నేను చాలామందిని చూశాను.

ఇక చోటు. నగరం మీది ఆకాశం ఎందుకు తెల్లబారుతుందంటే, వీధి దీపాల వెలుగులో కొంత పైకి పోయి, గాలిలోని అణువులకూ దుమ్ముకూ తగిలి చెదిరి, మళ్లీ మన కళ్లలో పడుతుంది. తెల్లటి ఎల్‌ఈడీల్లో నీలి కాంతి పాలు ఎక్కువ, నీలి కాంతి గాలిలో మరింత చెదురుతుంది. వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూ కలిసిపోయి ఇప్పుడు ఒకే పెద్ద వెలుగు గొడుగు కింద ఉన్నాయి. అయితే ఈ గొడుగు మనం దూరం వెళ్లేకొద్దీ చాలా వేగంగా తగ్గుతుంది. ఖగోళ శాస్త్రవేత్తలు వాడే ఒక మోటు లెక్క ప్రకారం, నగరం నుంచి దూరం రెట్టింపు చేస్తే ఆ నగరం వల్ల ఆకాశానికి వచ్చే వెలుగు సగానికి కాదు, ఇంచుమించు ఐదారో వంతుకు పడిపోతుంది. ఇరవై కిలోమీటర్ల దగ్గర ఆగినవారికీ నలభై దాటినవారికీ కనిపించే ఆకాశాలు రెండూ వేరు.

దీపాల నుంచి పారిపోవడం శాస్త్రవేత్తలకూ తప్పలేదు. హైదరాబాద్‌లో 1901లో పుట్టిన నిజామియా వేధశాల తర్వాత బేగంపేటకు మారింది. అక్కడి నుంచి లక్షల నక్షత్రాల స్థానాలను కొలిచి ప్రపంచ పట్టికకు అందించారు. నగరం పెరిగి ఆకాశం వెలిసిపోయేసరికి ఉస్మానియా విశ్వవిద్యాలయం యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో జపాల్, రంగాపూర్ అనే పల్లెల దగ్గర కొత్త వేధశాల కట్టి, 1968లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టింది. అంత పెద్ద పరికరాలున్నవారికే పల్లె కావాల్సి వచ్చింది.

వరంగల్ నుంచి ఏ దిక్కుకు వెళ్లాలన్నదానికి నా సమాధానం తూర్పు. పడమర జనగామ వైపు వెళ్తే ముందు హైదరాబాద్ వెలుగు తగులుతుంది. ఉత్తరానికి వెళ్తే కరీంనగర్, ఆపైన రామగుండం. తూర్పున ములుగు, నర్సంపేట రోడ్లు పడితే నగరం మీ వీపు వెనక, పడమటి దిక్కున ఉండిపోతుంది. మనం చూడదలచిన పాలవెల్లిలో అన్నిటికంటే చిక్కటి భాగం దక్షిణపు ఆకాశంలో ఉంటుంది. కాబట్టి దక్షిణం, తూర్పు చీకటిగా ఉంటే చాలు. పడమట కాస్త వెలుగున్నా నష్టం లేదు.

ఆ వైపున్న పేరున్న చోట్ల గురించి నా అభిప్రాయం చెబుతాను. రామప్ప అందరూ మొదట అడిగేది. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక రాకపోకలు పెరిగాయి, గుడి చుట్టూ దీపాలూ పెరిగాయి. ఉత్తరాన భూపాలపల్లి గనులు, చెల్పూరు విద్యుత్ కేంద్రం వెలుగు ఉంటుంది. దక్షిణం మాత్రం బాగుంటుంది. పాకాల చెరువు నగరానికి యాభై కిలోమీటర్ల ప్రాంతంలో ఉంది, చుట్టూ అడవి, నీటి మీద విశాలమైన ఆకాశం. కానీ అది అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి లేకుండా రాత్రి కట్ట మీద కూర్చోవాలని అనుకోకండి. లక్నవరం చెడ్డ చోటేమీ కాదు, అమావాస్య దగ్గర మళ్లీ వెళ్తే మీకే తేడా తెలుస్తుంది. బస సౌకర్యం ఉంది కాబట్టి పిల్లలతో వెళ్లేవారికి అనువు. సిబ్బందిని అడిగి మీ గది ముందు దీపం ఒక గంట ఆర్పించుకోండి.

తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది "దట్టమైన అడవిలోనే కదా అసలైన చీకటి" అని అటు బయలుదేరతారు. చీకటి నిజమే. కానీ అక్కడ చెట్ల కొమ్మల సందుల్లోంచి ముక్కలు ముక్కలుగా తప్ప ఆకాశం కనిపించదు. పైగా ఎలుగుబంట్లు తిరిగే చోటు. రోడ్డు మీద కారు ఆపి నిలబడితే జాతీయ రహదారి లారీల హెడ్‌లైట్లు నిమిషానికోసారి కళ్లను కొడతాయి. మనకు కావలసింది అడవి కాదు, అడవి పక్కనున్న పొలం. చుట్టూ ఊళ్లు తక్కువ ఉండాలి, నెత్తి మీద మాత్రం ఏ కొమ్మా ఉండకూడదు.

దేశంలో లద్దాఖ్‌లోని హాన్లే ప్రాంతాన్ని 2022లో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 2024లో నాగపూర్ దగ్గరి పెంచ్ అభయారణ్యానికి అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. అలాంటి బోర్డు వెతుక్కుంటూ మీరు అంత దూరం వెళ్లనక్కరలేదు. అడవి పక్కనున్న పొలం అన్నాను కదా, మీ తల్లిగారి ఊరు సరిగ్గా అలాంటిది. కొత్తగూడ చుట్టూ అడవులే. పెద్ద పట్నం దగ్గర్లో లేదు. వరంగల్ పడమట ఎక్కడో ఉండిపోతుంది. నేను పటం ముందు పెట్టుకుని మీ కోసం చోటు వెతికినా వేలు అక్కడక్కడే ఆగేది. అన్నిటికంటే ముఖ్యం, అక్కడ మీకు తలుపు తీసేవారున్నారు. రాత్రి రెండింటికి పాపకు నిద్ర వస్తే పడుకోబెట్టడానికి ఇల్లుంది.

ఎల్‌ఈడీ వీధి దీపాలు వచ్చాయని మీరు ఆశ వదులుకున్నారు. ఇక్కడ ఒక చిన్న తేడా గమనించాలి. నగరపు దీపాలు ఆకాశాన్నే చెడగొడతాయి. ఎక్కడ దాక్కున్నా ఆ తెల్లదనం నెత్తి మీద ఉంటుంది. పల్లెలో ఇరవై ముప్పై దీపాలు ఆకాశాన్ని అంతగా ఏమీ చేయలేవు. అవి చెడగొట్టేది మన కళ్లను. దీపం కంటికి అడ్డం లేకుండా కనబడుతున్నంతసేపే దాని బలం. అడ్డం పెడితే ఆకాశం అక్కడే ఉంటుంది.

మూడేళ్ల కిందట ములుగు వైపున్న మా అక్కయ్య ఊళ్లో ఇది స్వయంగా చూశాను. ఇంటి ఎదుట స్తంభానికి కొత్త దీపం, వాకిలంతా పట్టపగలులా ఉంది. మా అక్కయ్య మనవరాలు "తాతా, ఇక్కడ చుక్కలు లేవు" అంది. బట్టలు ఆరేసే దండెం డాబా మీద ఉంది. దాని మీద నల్లటి చెద్దరు ఒకటి వేసి, అంచులకు క్లిప్పులు పెట్టి, ఆ నీడలో మంచం వేసుకున్నాం. మొదటి ఐదు నిమిషాలు ఏమీ మారలేదు. పిల్ల కాళ్లు ఊపుతూ సణుగుతూనే ఉంది. పది నిమిషాలకు "అక్కడ ఒకటి, దాని పక్కన ఇంకొకటి" అని మొదలుపెట్టింది. పావుగంట దాటాక మాట్లాడటం మానేసింది. చాలాసేపటికి, తెల్లటి మబ్బు ఒకటి ఎందుకు కదలడం లేదని అడిగింది. అది మబ్బు కాదు, పాలవెల్లి. చెద్దరు అవతల దీపం అలాగే వెలుగుతోంది.

కాబట్టి మీరూ డాబా మీద వీధి వైపు ఒక చెద్దరు కట్టండి, లేదా ఇంటి వెనక పెరట్లోకి మారండి. ఊరివాళ్లు మనవాళ్లే కాబట్టి పంచాయతీవారిని అడిగితే మీ ఇంటి ముందు దీపాన్ని ఒక గంట ఆర్పడం పెద్ద విషయం కాకపోవచ్చు. వారినే అడగండి. స్తంభం దగ్గరికి మీరుగా వెళ్లవద్దు.

పొలం దాకా వెళ్లాలనిపిస్తే, దయచేసి పగలే వెళ్లి చోటు చూసి రండి. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. మన చేలల్లో గట్టు లేని వ్యవసాయ బావులుంటాయి, గడ్డి పెరిగితే పగలే కనిపించవు. అడవి పందుల కోసం కొందరు చేల చుట్టూ కరెంటు తీగలు కడతారు. చట్టరీత్యా నేరమైనా ఆ పని జరుగుతూనే ఉంది, మనుషులు చనిపోతూనే ఉన్నారు. పొలం యజమానికి ముందుగా చెప్పకుండా ఒక్క అడుగు కూడా వేయకండి. నేల మీద దుప్పటి పరుచుకుని పడుకోవద్దు. కట్లపాము రాత్రిపూట తిరిగేది, నేల మీద పడుకున్నవారినే ఎక్కువగా కాటేస్తుంది. నులక మంచమో, నవారు మంచమో వేసుకోండి. ఆకాశం చూడటానికి మంచాన్ని మించిన ఆసనం నేను ఇంతవరకు చూడలేదు. కుర్చీలో కూర్చుంటే పావుగంటకే మెడ పట్టేస్తుంది. తలకింద దిండు పెట్టుకుని వెల్లకిలా పడుకుంటే గంటలు గడుస్తాయి.

ఇప్పుడు మీకు రెండు రాత్రులు చెబుతాను. ఆ రెండూ మీకు ముందే తెలిసినవే, పండుగ పేర్లతో.

మొదటిది పెత్రమాస. భాద్రపద అమావాస్య, అదే రోజు ఎంగిలిపూల బతుకమ్మ. ఆడబిడ్డలు తల్లిగారింటికి వెళ్లే రోజులు, బడులకు దసరా సెలవులు దగ్గర పడే రోజులు. బతుకమ్మ ఆడి, చెరువులో వేసి ఇంటికి వచ్చేసరికి ఎనిమిది అవుతుంది. ఆకాశంలో చంద్రుడు లేడు. డాబా ఎక్కి నైరుతి వైపు చూడండి. అక్కడ ధనుస్సు రాశి దగ్గర పాలవెల్లి అన్నిటికంటే చిక్కగా ఉంటుంది. మన పాలపుంత నడిబొడ్డు ఆ దిక్కునే, సుమారు 26 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అక్కడి నుంచి ఆ చార పైకి లేచి, నడినెత్తి మీదుగా ఈశాన్యానికి దిగుతుంది. నెత్తి మీద బాగా మెరిసే చుక్కలు రెండు కనిపిస్తాయి, ఒకటి శ్రవణం, ఇంకొకటి కాస్త వాయవ్యంగా ఉండే అభిజిత్తు. పాలవెల్లి ఆ రెండింటి మధ్య నుంచే పోతుంది. దాని నడుమ ఒక నల్లటి చీలిక కనిపిస్తుంది. అక్కడ చుక్కలు లేవని కాదు, అడ్డంగా దుమ్ము మేఘాలున్నాయి.

ఒక హెచ్చరిక: పెత్రమాస కొన్నేళ్లు సెప్టెంబరులోనే వస్తుంది, అప్పటికి వానలు వెనక్కి తగ్గవు. అధిక మాసం వచ్చిన ఏడాది అక్టోబరులోకి జరుగుతుంది, అప్పుడు ఆకాశం తేటగా ఉండే అవకాశం ఎక్కువ. వాన కడిగిన గాలిలో పాలవెల్లి ఎంత స్పష్టంగా ఉంటుందో చలికాలంలో కూడా ఉండదు. ఆ రాత్రి మబ్బు పడితే బతుకమ్మ తొమ్మిది రోజుల్లో తర్వాతి రెండు మూడు రాత్రులూ పనికొస్తాయి, చంద్రుడు తొందరగానే దిగిపోతాడు. దీపావళి కూడా అమావాస్యే కదా అని అనిపిస్తుంది. టపాసుల పొగ వల్ల ఆ రాత్రి దండగ. రెండు రోజులు ఆగి చూడండి.

రెండోది మహాశివరాత్రి. మాఘ బహుళ చతుర్దశి, ఎప్పుడూ చంద్రుడు లేని రాత్రే. వానలుండవు. పైగా ఇంట్లో అందరూ జాగారం ఉంటారు, పాపను మేల్కొలపడానికి బతిమాలనక్కరలేదు. గుడి దగ్గర దీపాలూ మైకులూ ఉంటాయి కాబట్టి దర్శనం ముగించుకుని డాబా మీదికి రండి. ఏడాదిలో ఆకాశం మొత్తాన్ని ఒకే రాత్రి చదవగలిగే అవకాశం ఇంత సహజంగా దొరికే రోజు నాకు మరొకటి తెలియదు.

తొమ్మిది ప్రాంతంలో నెత్తి మీద నుంచి కాస్త పడమటికి మృగశిర ఉంటుంది. మూడు చుక్కలు వరుసగా, మా ఊళ్లో వాటిని గొల్లకావడి అనేవారు. మీ నాన్నగారు మృగశిర కార్తె అంటే జూన్ అంటారు, చుక్కలు మాత్రం ఫిబ్రవరిలో కనిపిస్తున్నాయేమిటని పాప అడుగుతుంది. అడగాలి కూడా. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉన్న కాలం. సూర్యుడు పక్కనుంటే ఆ చుక్కలు పగటి వెలుగులో కలిసిపోతాయి. అందుకే ఏ నక్షత్రమైనా తన కార్తెలో కనిపించదు, ఆరు నెలల అవతల రాత్రంతా కనిపిస్తుంది. నెలల పేర్లు దీనికి తిరగేసి ఉంటాయి: కార్తీక పున్నమి నాడు చంద్రుడు కృత్తికల దగ్గర ఉంటాడు కాబట్టి ఆ నెలకు ఆ పేరు. రైతు లెక్క సూర్యుడితో, పంచాంగం నెల చంద్రుడితో. తాతనూ మనవరాలినీ ఒకే మంచం మీద కూర్చోబెట్టి ఈ మాట మాట్లాడించండి.

అదే వేళకు సూటిగా దక్షిణం వైపు, కిందికి చూడండి. చేత్తో పిడికిలి బిగించి చేయి చాపితే ఆ పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. నేల నుంచి రెండు పిడికిళ్ల ఎత్తులో ఒంటరిగా మెరుస్తున్నది అగస్త్య నక్షత్రం. అర్ధరాత్రికి ఈశాన్యంలో సప్తర్షులు పైకి వస్తారు. తోకలో మధ్య చుక్క వసిష్ఠుడు, దాన్ని ఆనుకుని చిన్నగా అరుంధతి. మూడు గంటల ప్రాంతంలో మళ్లీ దక్షిణానికి తిరగండి. నేలకు ఒకటి, ఒకటిన్నర పిడికిళ్ల ఎత్తులో నాలుగు చుక్కలు శిలువ ఆకారంలో నిలబడి ఉంటాయి. అది త్రిశంకు. మనం 18 డిగ్రీల అక్షాంశం మీద ఉండటం వల్ల దొరికిన కానుక ఇది. ఢిల్లీలో ఉన్నవారికి ఆ నాలుగూ పూర్తిగా కనిపించవు. దక్షిణాన కొండో చెట్లో అడ్డం లేకుండా చూసుకోండి.

నాలుగున్నర నుంచి ఐదు దాకా అసలు దృశ్యం. ఆగ్నేయంలో వృశ్చికం లేచి ఉంటుంది. ఎర్రగా మెరిసేది జ్యేష్ఠ, కొండి దగ్గరున్నవి మూల. ఆ కొండి పక్కనే, నేలకు దగ్గరగా, పాలవెల్లి చిక్కటి భాగం పైకి వస్తుంది. తూర్పు తెల్లబారే దాకా అది లేస్తూనే ఉంటుంది. మార్చి దాటితే మన అడవుల్లో ఎండుటాకులు కాలే పొగ మొదలవుతుంది కాబట్టి శివరాత్రిని వదులుకోవద్దు.

కళ్ల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇంత ఏర్పాటు చేసుకున్నాక కూడా ఒక్క ఫోను అంతా పాడుచేస్తుంది. చీకట్లో చూసేందుకు మన కంటిలో రొడాప్సిన్ అనే పదార్థం కూడాలి. దానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. ఒక్కసారి తెల్లటి వెలుగు చూస్తే కూడినదంతా పోతుంది, మళ్లీ మొదటి నుంచి. ఒకసారి నేను పిల్లలను తీసుకెళ్లినప్పుడు, అరగంట చీకట్లో కూర్చున్నాక, తోడు వచ్చిన పెద్దాయన ఒకరు టైము చూసుకోవడానికి ఫోను తీశారు. ఇరవై మంది పిల్లలు అటు తిరిగారు. మళ్లీ అరగంట పట్టింది, అప్పటికి మబ్బు వచ్చింది. ఫోన్లన్నీ ఇంట్లోనే పెట్టి ఒక్క టార్చి తెచ్చుకోండి. దాని ముఖానికి ఎర్రటి గాజు కాగితం రెండు మడతలు వేసి రబ్బరు బ్యాండు కట్టండి. ఎర్ర వెలుగు కళ్ల చీకటి అలవాటును అంతగా చెడగొట్టదు. ఏ చుక్క ఎక్కడుంటుందో స్టెల్లేరియం లాంటి యాప్‌లో పగలే చూసి కాగితం మీద గీసుకోవడం పాపకు అప్పజెప్పండి. ఇంకొక కిటుకు: మసకగా ఉన్నదాన్ని సూటిగా చూడకుండా దాని పక్కకు చూడాలి. మసక వెలుగును పట్టే కణాలు కంటిపాపకు ఎదురుగా కాకుండా చుట్టూ ఎక్కువగా ఉంటాయి.

పాపకు ముందే చెప్పి ఉంచవలసిన మాట ఒకటుంది. పుస్తకంలోని ఫొటోలో పాలపుంత గులాబీ, నీలం రంగుల్లో మండుతున్నట్టు ఉంటుంది. కెమెరా చాలాసేపు వెలుగును పోగుచేసుకుని ఆ బొమ్మ తీస్తుంది. మన కన్ను అలా కూడబెట్టుకోలేదు, మసక వెలుగులో రంగులనూ పట్టలేదు. కాబట్టి కనిపించేది పలచటి పాలు ఒలికినట్టు, బూడిద రంగు తెలుపు. రంగులు లేవని పాప మళ్లీ నిరాశపడకూడదు. ఆ తెలుపంతా, విడివిడిగా కంటికి అందనంత దూరంలో ఉన్న నక్షత్రాల వెలుగు కలిసిపోవడం వల్ల వచ్చింది. మన సూర్యుడి లాంటివి పది వేల కోట్లకు పైగా ఉన్న పళ్లెంలో మనం లోపల కూర్చుని, ఆ పళ్లేన్ని అంచు దిశగా చూస్తున్నాం. వినాయక చవితికి విగ్రహం పైన కట్టే పాలవెల్లి పాపకు తెలుసు కదా. ఆ పేరు ఆకాశంలో దీనికీ ఉందని చూపించండి.

టెలిస్కోపు ఇప్పుడు వద్దు. పాలవెల్లి ఆకాశమంతా పరుచుకుని ఉండేది, టెలిస్కోపు అందులో గోరంత ముక్క చూపిస్తుంది. బజారులో పెట్టె మీద "500 రెట్లు" అని రాసి అమ్మే చిన్నవాటిని అసలు కొనవద్దు. కటకం 60 మిల్లీమీటర్లయితే 120 రెట్లు దాటాక బొమ్మ పెద్దదై మసకబారుతుందే తప్ప కొత్తగా ఏమీ తెలియదు. ఆ డబ్బుతో మంచి బైనాక్యులర్ కొనండి. 7×50 అయినా 10×50 అయినా సరే (మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, రెండోది ముందు కటకం వెడల్పు మిల్లీమీటర్లలో), పాప చేతికి ఏది బరువనిపించదో అది. మంచం మీద పడుకుని మోచేతులు దిండుకు ఆనించి పాలవెల్లి పొడుగునా మెల్లగా జరిపితే తెల్లటి చార చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. గురుగ్రహం ఉన్న రోజుల్లో దాని పక్కన నాలుగు ఉపగ్రహాలూ ఆనుతాయి. పెత్రమాస నాడు రాత్రి పది దాటాక ఈశాన్యంలో దేవయాని గెలాక్సీ, 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోది, కోడిగుడ్డు ఆకారంలో మసక మరకలా కనిపిస్తుంది. బాగా చీకటిగా ఉంటే దాన్ని ఉత్త కంటితోనే పట్టవచ్చు. ఒక్క జాగ్రత్త, బైనాక్యులర్‌తో సూర్యుడి వైపు చూడకూడదని పాపకు గట్టిగా చెప్పండి.

పెత్రమాస రాత్రి పదకొండుకు తూర్పున కృత్తికలు బాగా పైకి వస్తాయి. చిన్న గుంపుగా ఉంటాయి, పల్లెల్లో పిల్లలకోడి అంటారు. బైనాక్యులర్ ఇచ్చేముందు ఉత్త కంటితో ఆ గుంపులో ఎన్ని చుక్కలున్నాయో పాపతో లెక్కపెట్టించండి. నాకు ఎప్పుడూ ఆరే తేలేవి, ఇప్పుడు ఐదు దగ్గరే ఆగుతున్నాను. పిల్లల కళ్లకు ఇంకా ఎక్కువ దొరుకుతాయి. మీ ఊరి డాబా మీద పాపకు ఎన్ని దొరికాయో నాకు రాయండి.